దించని కుండలు

కర్నూలు
ఫిబ్రవరి 1936

సౌభాగ్యవతి మరదలు సిద్దమ్మకు, వదిన నాగలక్ష్మమ్మ దీవించి రాస్తున్నది.

పోయిన ఎండాకాలం మీ ఊరు వచ్చి వెళ్లినప్పటినుంచి నా కళ్లముందు ఆ మంచాలే మెదులుతున్నాయి. దుక్కి దున్నవలసిన మనుషులు పట్టపగలు కాళ్లు చాపుకుని పడుకున్నారు. ఒక్కొక్కరి మడమ దగ్గర నారికురుపు. అందులోనుంచి దారంలా వేలాడే పురుగును పుల్లకు చుట్టి, తెగకుండా రోజుకింత లాగుతూ పక్కన ఆడవాళ్లు. ఆ పురుగు మీ దిగుడుబావి నీళ్లలో, కంటికి ఆనని క్రిమిలో ఉండి కడుపులోకి పోతుందని నేనంటే మీ పక్కింటి ముసలామె గిడ్డమ్మ నవ్వింది. "మా తాత, మా అబ్బ అందరూ ఆ బాయి నీళ్లే తాగిరి గదమ్మా" అన్నది. వాళ్లిద్దరూ కుంటుతూనే పోయారని తర్వాత ఆమే చెప్పింది.

అందుకే బొమ్మ గీసి తమ్ముడు ఓబులేసుకు పంపాను. కుమ్మరి తిమ్మయ్య చేత మూడు కుండలు చేయించండి. ఒకదానిమీద ఒకటి కూర్చోవాలి. పైకుండ మూతికి ఒత్తుగా నేసిన గుడ్డ వాసెన కట్టాలి. దానిలో బొగ్గు, నడిమిదానిలో ఇసుక. నీళ్లు అడుగు రంధ్రాలలోంచి దిగి కిందికుండకు చేరతాయి. కిందిదానికి పక్కన కొమ్ము ఉంటుంది, కట్టెబిరడా తీసి చెంబు పట్టుకోవడమే.

ఇలాంటివి ఇంతకుముందు లేవని కాదు. రెండు నెలలు వాడి, కుళ్లిపోయాక మూలకు పారేస్తారు. ఎందుకంటే కడగడం తలనొప్పి. నేను పెట్టిన బుద్ధంతా ఆ కడగడం మీదే. బొగ్గునూ ఇసుకనూ గుడ్డసంచుల్లో పోయిస్తున్నాను, ఒక్క చేత్తో పైకి తీయవచ్చు. మూతులు వెడల్పు, గాజుల చెయ్యి లోపలికి పోయేటంత. బయట తెల్లగా సున్నం, మురికి పడితే తెలుస్తుంది. పైదానికి ఒక ఎర్రచార, నడిమిదానికి రెండు, కిందిదానికి మూడు. దించి కడిగి తిరిగి పేర్చేటప్పుడు చదువురానివాళ్లు కూడా తడబడరు.

ప్రతి శుక్రవారం వాసెన గుడ్డను ఉడికించి, ఇసుకను నీళ్లు తేటపడేదాకా కడిగి, బొగ్గుతో సహా ఎండలో ఆరబోసి తిరిగి నింపాలి. ఇంతే పని.

కడపలో ఆరోగ్యశాఖ డాక్టరుగారిని కలిశాను. ఈ ఏడు తాగిన నీళ్ల ఫలం వచ్చే ఏడు గాని కాలిమీద కనిపించదు కనుక, కురుపులు తగ్గాయా అని ఆయన అడగడంలేదు. "ఇండ్లవాళ్లు తమంతట తామే కడుక్కుంటున్నారా? అది ఒక్కటి రుజువు చేయండి, దిగుడుబావి ఉన్న ప్రతి ఊరికీ జిల్లా బోర్డు ఖర్చుతో ఇప్పిస్తాను" అన్నారు. మీ ఊరి పేరు చెప్పాను. నీ పేరు కూడా చెప్పాను. ఏదో ఒకటి మరిచాననే అనుమానం మాత్రం నన్ను వదలడంలేదు. ఏమిటో నీకు తోస్తే రాయి.

నీ వదిన
నాగలక్ష్మమ్మ

*

ఎర్రబావిపల్లె, వేంపల్లె పోస్టు
ఉగాది పోయిన వారం

వదినకు సిద్దమ్మ దండం పెట్టి రాసేది.

కుండలు వచ్చినాయి వదినా. తిమ్మయ్య నెత్తిన పెట్టుకొని తెచ్చినాడు. తెల్లంగ, ఎర్రచారలతో కండ్లకు ఎంత సక్కగుండాయో చెప్పలేను. నడిమింట్లో మూలకు పేర్చినాము. పొయ్యింట్లో పెడదామంటే నీ తమ్ముడు "పొగ చూరుతాది, ఈడనే ఉండనీ" అనె.

గిడ్డవ్వ చూసేకి వచ్చి, వాకిట్లో చెప్పులిడిసి నిలబడింది. "ఏమే సిద్దీ, ఇంట్లో పెండ్లి ఏమన్నా పెట్టుకుంటివా, నాకు చెప్పకుండ?" అనింది. అందరం నవ్వినాము.

నీళ్లు తేటగుండాయి. బాయి వాసనే లేదు. నీ తమ్ముడు నాలుగు చెంబులు తాగి, "మా అక్క చదివిన చదువు ఇప్పుడు కడుపులోకి దిగె" అని ఎగతాళి చేసినాడు. నాగప్పోళ్లు, బసమ్మోళ్లు, మాకూ గావల్ల అంటాండారు. తిమ్మయ్యకు చేతినిండా పని. బడిలో కూడా ఒక జత పెట్టించినాము.

నువ్వు మరిసిపోయింది ఏమీ లేదు వదినా. అన్నీ బాగుండాయి. నువ్వు ఊరికే మనసు చెడగొట్టుకోవద్దు.

సిద్దమ్మ

*

కర్నూలు
ఏప్రిల్ 1936

ప్రియమైన సిద్దమ్మా,

నీ ఉత్తరం మా పాఠశాలలో పంతులమ్మలకు చదివి వినిపించాను. చెప్పులు విడిచిన గిడ్డమ్మ మాటకు వాళ్లు చాలాసేపు నవ్వారు. పోయిన ఏడు నన్ను ఎగతాళి చేసిన మనిషి ఇప్పుడు కుండలకు మర్యాద చేస్తున్నదంటే నాకు నమ్మకం కుదరడం లేదు. సంతోషానికి కూడా నేను రుజువు అడుగుతానని కాలేజీలో స్నేహితురాళ్లు వెక్కిరించేవాళ్లు.

అందుకే కొన్ని అడుగుతున్నాను, విసుక్కోవద్దు. ఇసుక సంచి తడిసినప్పుడు బరువనిపిస్తున్నదా? కడిగేది ఎవరు, నువ్వా, పనిమనిషా? పైకుండ దించేటప్పుడు ఇంకొకరి సాయం కావలసి వస్తున్నదా? లోపల జిగట పడితే ఎన్నాళ్లకు పడుతున్నది? మిగతా ఇండ్లవాళ్లు ఏమని సణుగుతున్నారు? సణుగుడే నాకు కావాలి. ఆడవాళ్లు సణగని వస్తువు ఇంట్లో వాడుకలో ఉన్నట్టు కాదు.

ఇక్కడ తుంగభద్ర ఎండిపోయింది. ఇసుకలో చెలమలు తోడి తెచ్చుకుంటున్నాము. నా గదిలోనూ మూడు కుండలున్నాయి. నేను కడుగుతున్నాను కనుక అందరూ కడుగుతారనుకోవడం పొరపాటే కదా. నీకున్నన్ని పనులు నాకు లేవు.

సెలవుల్లో రమ్మంటావా? కళ్లారా చూడాలని ఉంది. డాక్టరుగారు జూలైలో తీర్మానం చేస్తారట.

నాగలక్ష్మమ్మ

*

ఎర్రబావిపల్లె
రోహిణి కార్తె ఎండల్లో

వదినకు దండాలు.

అడిగినవాటికి జవాబు రాస్తాండా. ప్రతి శుక్రవారం వాసెన గుడ్డను ఉడికించి, ఇసుకను నీళ్లు తేటపడేదాకా కడిగి, బొగ్గుతో సహా ఎండలో ఆరబోసి తిరిగి నింపుతున్నాము. సంచులు ఒక్క చేత్తో పైకి తీయవచ్చు. అన్ని ఇండ్లలో అట్లనే చేస్తాండారు. ఎవురూ సణగలేదు.

ఇప్పుడు రావద్దు వదినా. ఎండలు మండిపోతాండాయి. బస్సు దిగినాక నువ్వు అంతదూరం నడవలేవు. వానలు పడినాక నేనే పిలిపిస్తా.

నీ తమ్మునికి పనులు శానా ఉండాయి. నీకు నమస్కారాలు చెప్పమనె.

సిద్దమ్మ

*

కర్నూలు
జూలై 1936

సిద్దమ్మా,

శుభవార్త ముందు రాస్తాను. డాక్టరుగారు ఒప్పుకున్నారు. మీ చుట్టుపక్కల దిగుడుబావులున్న ఊళ్లన్నింటికీ కుండలు చేయించడానికి బోర్డులో తీర్మానం పెడుతున్నారు. "ఇండ్లవారే స్వయంగా, క్రమం తప్పకుండా శుభ్రం చేసుకొనుచున్నారు" అన్న వాక్యం కింద నా చేత సంతకం చేయించుకున్నారు. పట్టా పుచ్చుకున్ననాడు కూడా నా సంతకం ఇంత గుండ్రంగా రాలేదు.

సంతకం చేసి బయటికి వచ్చాక నీ కిందటి ఉత్తరం గుర్తుకొచ్చింది. పిల్లల జవాబులు దిద్దడమే నా బతుకు. ఎవరు తెలిసి రాశారో, ఎవరు పక్కదానిలో చూసి రాశారో నాకు వాసన తెలుస్తుంది. కుండలు కడిగే విషయం దగ్గరికి వచ్చేసరికి నువ్వు నా మాటలే నాకు తిరిగి రాశావు, ఒక్క అక్షరం తేడా లేకుండా. మిగతా ఉత్తరమంతా నీ గొంతు వినిపిస్తుంది, ఆ రెండు వాక్యాల్లో నువ్వు లేవు.

రాయడం నేర్చి ఎంతో కాలం కాలేదు, పుస్తకం మాటలా రాయడం మర్యాద అనుకున్నదేమో అని సర్దిచెప్పుకున్నాను. నీ మీద అనుమానం పెట్టుకోవడానికి సిగ్గేసింది. పెండ్లయి వచ్చిన కొత్తలో మీ ఇంటి పంచలో నేను పలక పట్టించినప్పుడు, నీ పేరు నువ్వే రాసుకుని చూసుకుంటూ అరగంట కూర్చున్న పిల్లవు నువ్వు. నాతో అబద్ధమెందుకు ఆడతావు?

కనుక ఇది అనుమానం కాదు, సమాచారం. శానిటరీ ఇన్‌స్పెక్టరు దావీదురాజుగారు వచ్చే నెల మీ ఊరు వస్తారు. ఒక శుక్రవారం ఉండి, కడిగే పద్ధతి చూసి మిగతా ఊళ్లలో చెబుతారట. నువ్వే ఆయనకు చూపించాలి.

నాగలక్ష్మమ్మ

*

ఎర్రబావిపల్లె
శ్రావణం మొదట

వదినా,

ఇన్‌స్పెక్టరును ఇప్పుడే అంపించొద్దు. శ్రావణ మాసం. ఇండ్లలో పేరంటాలు, నోములు ఉంటాయి. పరాయి మొగోడు నడిమింట్లోకి వస్తానంటే ఎవురు రానిస్తారు? దసరా పోనీ. కాకుంటే కార్తీకం రానీ.

మావాళ్లు నీ మాట కాదనరు అని నువ్వు అనుకుంటాండావు. ఆడ ఉండి నీకు ఈడ సంగతులు తెలీవు. కోపం తెచ్చుకోవద్దు.

డాక్టరుకు ఏమన్నా ఒక మాట చెప్పి ఆపు వదినా. నీకు పుణ్యముంటాది.

సిద్దమ్మ

*

కర్నూలు
సెప్టెంబరు 1936

సిద్దమ్మకు,

దావీదురాజుగారు నిన్న మా పాఠశాలకు వచ్చి అంతా చెప్పారు. కుర్చీలో కూర్చోకుండా నిలబడే చెప్పారు. నన్ను నొప్పించకుండా ఎలా చెప్పాలో ఆయనకు తెలియలేదు పాపం.

ఇండ్లలోకి ఆయనను రానివ్వలేదట. గడప దగ్గరినుంచి చూశారు. కుండలకు పసుపు, కుంకుమ, పైకుండ మెడకు కంకణం, ముందర ముగ్గు, దీపం. "పైది ఒకసారి దించి చూపించమ్మా" అంటే గిడ్డమ్మ అడ్డం నిలబడి, "ఐరేని కుండలు ఎవురన్నా దించుతారా నాయనా? ఇల్లు ఏం గావల్ల?" అన్నదట. "మరి కడిగేది ఎప్పుడవ్వా?" అంటే, "గంగమ్మను నువ్వు కడుగుతావా? ఆమె నిన్ను కడుగుతాది" అన్నదట.

చివరికి బడిలో పెట్టిన జతను ఆయనే దించారు. ఇసుక సంచి పట్టుకుంటే చేతికి ఊడి వచ్చింది. నల్లటి జిగురు, కుళ్లు వాసన, వాసెన గుడ్డకు చిల్లు, కిందికుండలో తోకపురుగులు. ఉగాదినాడు పేర్చినవి ఇంతవరకూ ఎవ్వరూ దించలేదని బడిపంతులే చెప్పాడు. ఆ నీళ్లకంటె బావి నీళ్లే నయమని దావీదురాజుగారు అన్నారు. అని, నా మొగం చూసి తల దించుకున్నారు.

ఇంకొకటి. ఈ కుండలు ఎవరు పెట్టించారని అడిగితే, మా సిద్దమ్మకు ఒంటిమిట్ట రామయ్య కలలో చూపించాడని అన్ని ఇండ్లలోనూ ఒకే మాట చెప్పారట. నా పేరు ఎవ్వరూ ఎత్తలేదు.

రాత్రంతా ఆలోచించాను. ఐరేని కుండల సంగతి నాకు ఎందుకు తట్టలేదు? ఒకదానిమీద ఒకటి పేర్చిన కుండలు, తెల్లసున్నం, ఎర్రచారలు. అక్షరాలా అవే గీసి పంపాను. పెండ్లింట్లో కుమ్మరివాళ్ల నుంచి మేళతాళాలతో తెచ్చి మూల పేర్చి పూజించే కుండలు, తతంగం అయ్యేదాకా కదిలించరని ప్రతి ఆడదానికీ తెలుసు. నాకు మాటగా తెలుసు. చూసి ఎరగను. నాకు పదకొండో ఏట, నన్ను కట్టుకున్న ఆ పిల్లవాడు పోయాడు. అప్పటినుంచి ఇంట్లో ఏ పెండ్లి జరిగినా, ఆ కుండలు గుమ్మం తొక్కే వేళకు నన్ను పెరట్లో ధాన్యపు గదిలో కూర్చోబెట్టేవాళ్లు. నీ పెండ్లిలో కూడా ఆ గదిలోనే కూర్చున్నాను, చేతిలో పుస్తకం పెట్టుకుని. అవి ఎలా ఉంటాయని ఎవరినీ అడగలేదు. అడగకపోవడం నా పౌరుషం అనుకున్నాను.

నాకు తెలియదు. నీకు తెలుసు. తిమ్మయ్య కుండలు దించిన మొదటి నిమిషాన తెలుసు. ఏదో మరిచానేమో చెప్పమని అడిగితే, "నువ్వు మరిసిపోయింది ఏమీ లేదు" అని రాశావు.

ఓబులేసుకు తెలుసా? నడిమింట్లో దీపం వెలుగుతుంటే తెలియకపోవడం ఎలా. ఆ సంతకం నాది అని కూడా మీ ఇద్దరికీ తెలుసు.

జవాబు రాయి. ఈసారి నీ మాటల్లో రాయి.

నాగలక్ష్మమ్మ

*

ఎర్రబావిపల్లె
పెద్దల అమావాస్య ముందర

వదినా,

నా మాటల్లోనే రాస్తాండా. తిట్టినా పడతా.

కుండలు వచ్చిన దినం గిడ్డవ్వ చెప్పులిడిసి నిలబడిందని రాస్తి గదా. ఆ తర్వాత జరిగింది రాయలేదు. "ఎవురంపినారే?" అని అడిగింది. "మా వదిన" అంటి. మొగం అట్లనే మాడిపాయ. "ముండమోసినామె అంపిన కుండలను నడింట్లో పేరుస్తివా? నీ పసుపు కుంకుమ మింద నీకు ఆశ లేదా?" అనింది. ఉన్న ఆడోళ్లంతా లేసి పాయిరి. మర్నాడు మా పనిమనిషి కూడా ఆ నీళ్లు ముట్టలే. నీళ్లకు పోతే బాయికాడ నా పక్కన ఎవురూ బిందె పెట్టలే.

నీకు ఇది రాయాల్నా? ఏమని రాయాల? నీ చెయ్యి పడింది గాబట్టి ఎవురూ తాగరని రాయాల్నా? నాకు చెయ్యి ఆడలేదు. నీ తమ్మున్ని అడిగితే, "ఆడోళ్ల సంగతి, నువ్వే సర్దుకో" అనె.

అప్పుడే గిడ్డవ్వతో చెప్తి. అంపింది వదిన కాదు, ఉత్తగ అంటి, ఒంటిమిట్ట రామయ్య నా కలలోకి వచ్చి చూపించె అని. నోట్లోనుంచి వచ్చేసింది. సందకాడికి ఊరంతా వచ్చిరి. పసుపు తెచ్చిరి, కుంకుమ తెచ్చిరి. మాకూ గావల్ల, మాకూ గావల్ల అని తిమ్మయ్య ఇంటికి పాయిరి. నువ్వు సంవత్సరం చెప్పినా ఒక్కరు వినకపోయిరి, నా కల చెప్తే పూటలో వినిరి. నీ పని అయితాంది గదా, పేరు ఎవురిదైతే ఏమి అనుకొంటి.

ఇంగ కడుగుదాం అంటే ఎట్ల అనేది? నేనే దేవుని కుండలంటి, నేనే దించి తోమండి అంటే నన్ను తోముతారు. ఒకసారి మా ఇంట్లో అందరూ చేనికి పోయినాక తలుపేసి దించబోతి. పైకుండ ముట్టలేక, దండం పెట్టి తలుపు తీస్తి. నేను జెప్పిన అబద్ధమే వదినా, నాకే భయమాయ.

ఇంకొకటి కూడా చెప్తా. దాన్ని గూడ దాస్తే నువ్వు నన్ను మనిసిగా చూడవు. నాకు బాగుండె. ఈ ఊరికి కోడలుగా వచ్చినప్పట్నుంచి నన్ను ఎవురూ పిలిచి పీట వేసింది లేదు. పిల్లలు లేనిదాన్ని, పేరంటాలకు కడగా నిలబెడుతుండ్రి. కల చెప్పినాక మొదటి పసుపు నాకే పూస్తిరి. ఆ పీట దిగబుద్ధి గాలేదు.

డాక్టరుకు రాయొద్దు వదినా. నీ పేరు చెడిపోతాది, నీ తమ్ముని మర్యాద పోతాది. మెల్లగ, నేనే ఇంగో కల చెప్పి, దించి కడగమన్యాడని చెప్తా. ఊరు వింటాది. నువ్వు ఊకుంటే చాలు.

సిద్దమ్మ

*

కర్నూలు
అక్టోబరు 1936

సిద్దమ్మా,

డాక్టరుగారికి రాశాను. నేను సంతకం చేసిన మాట నిజం కాదనీ, కుండలను ఎవరూ కడగడం లేదనీ, ఎందుకు కడగడం లేదో కూడా రాశాను. నీ పేరు రాయలేదు. నీ మీద దయతో అనుకోవద్దు. చూడకుండా నమ్మింది నేను, సంతకం నాది. బోర్డు తీర్మానం ఆగిపోయింది. "కడిగి వాడుకునే ఇండ్లు కొన్నైనా చూపిస్తే మళ్లీ ఆలోచిస్తాను" అని ఆయన మర్యాదగా జవాబిచ్చారు. ఆ మర్యాద భరించడం కష్టంగా ఉంది.

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. బావి దగ్గర నీ పక్కన ఎవరూ బిందె పెట్టలేదన్నచోట నాకు నీ మీద జాలి కలిగింది. పీట మాట దగ్గర కూడా కలిగింది. నన్ను అన్న మాటకు నేను అంత బాధ పడలేదు, అది నాకు కొత్త కాదు. కాని నువ్వు ఆ మాటను నాకు చెప్పకుండా దాచి, దానికి తలవంచి, దానిమీద నీకొక పీట కట్టుకున్నావు. వాళ్లు నన్ను ధాన్యపు గదిలో కూర్చోబెట్టారు, తలుపు దగ్గరికి వేశారు. గడియ పెట్టింది నువ్వు. ఇలా అనుకోవడం న్యాయమేనా అని నన్ను నేను అడుగుతున్నాను. న్యాయం కాకపోవచ్చు. అయినా అలాగే అనిపిస్తున్నది.

నీ ఇంకో కల నాకు వద్దు. కల చెప్పి కడిగిస్తే, ఇంకొకరి కల వచ్చి మాన్పిస్తుంది.

వచ్చే శుక్రవారం ఉదయం వస్తున్నాను. ఇంటింటికీ వెళ్తాను. ఎవరితోనూ వాదించను, క్రిములను గురించి పాఠం చెప్పను. కుండలు పంపింది నేనని చెప్పి, ఆ మూడింటిమీదా చెయ్యి పెట్టి వస్తాను. నా చెయ్యి పడినవి ఐరేని కుండలుగా ఉండవని మీ ఊరే చెబుతున్నది గదా. ఉట్టి కుండలవుతాయి. ఉట్టి కుండలను కడుక్కోవచ్చు, పారేసుకోవచ్చు, వాళ్ల ఇష్టం. ఇన్నేళ్లుగా ఈ చేతిని దాచుకుంటూ బతికాను. దీనికి ఇంత బలముందని మీవాళ్లు అంటుంటే, ఒక్కసారి వాడుకుంటాను.

నాకోసం వంట చేయవద్దు. సాయంత్రం బస్సుకు తిరిగి వెళ్తాను.

నాగలక్ష్మమ్మ

*

ఎర్రబావిపల్లె
కార్తీకం

వదినా,

నువ్వు వచ్చిపోయి నెల దాటె. రాయాల్నా వద్దా అని ఇన్ని దినాలు ఊకుంటి.

ఆ పొద్దు నువ్వు నాకోసం చూడలేదు. చూసినా కనపడకపోదును. మా ఇంట్లో మొదట కుండల మింద చెయ్యి పెట్టి, నువ్వు బయటికి పోతివి. నీ ఎనకే రావల్లని వాకిలి దాకా వస్తి. గిడ్డవ్వ ఇంట్లోకి నువ్వు పోతాంటే ఆమె కేకలు ఈడికి వినపడె. "యాడికమ్మా వచ్చేది? శుక్రవారం పూట, తెల్లచీర కట్టుకొని!" అనె. నువ్వు "కుండలు నావి అవ్వా, ముట్టుకొని పోతా" అంటివి. "ముట్టుకుంటే మా ఇల్లు ఏం గావల్ల?" అంటే, "ఇల్లు ఇల్లుగానే ఉంటుంది. కుండలు కుండలవుతాయి" అంటివి. ఆమె నీ చెయ్యి పట్టుకొని లాగెనంట. నువ్వు లాక్కోలేదంట. ఇంగో చెయ్యి పెట్టితివంట.

నేను తలుపు ఎనక నిలబడి వింటి. ఒక్క అడుగు వేసింటే నీ పక్కన ఉందును. వెయ్యలేకపోతి. అది నీకు తెలీదు, నేనే చెప్తాండా.

నువ్వు పోయినాక ఊరు ఊరంతా దుమారం. శానామంది కుండలను దిబ్బమీదికి ఎత్తేసిరి. నాగప్ప మా ఇంటి ముందరే పగలగొట్టె. నన్ను పిలిచి పీట వేసినోళ్లే మొగం మీద ఉమ్మినంత పని చేసిరి. గిడ్డవ్వ అయితే, "రామయ్య పేరు జెప్పి ముండమోసినామె నీళ్లు తాగిస్తివి గదే" అని దుమ్మెత్తి పోసింది. అవునవ్వా, మా వదినే అంపింది, మా వదినే చేసింది అని చెప్తి. అప్పుడు చెప్తి. నువ్వు లేనప్పుడు.

ఇప్పుడు ఒక సంగతి విను. గిడ్డవ్వ కోడలు బసమ్మ ఉండాది గదా, దిబ్బమీద పడేసిన కుండలు ఏరుకొని పోయి పశువుల కొట్టంలో పెట్టుకునింది. అత్తకు కనపడకుండ కాదు, కనపడేటట్లే. "పసులకు నీళ్లు వడగడతాండా" అంటాది. పిల్లోళ్లకు ఆ నీళ్లే పోస్తాది. ఇసుక పారబోసి కడుగుతాంటే అడిగినా, భయం గాలేదా అని. "మైలపడిపోయినాయి గదక్కా, ఇంగ ఏం భయం?" అనింది. ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా అట్లనే పెరట్లో, కొట్టంలో పెట్టుకున్యారు. మా ఇంట్లో నేనూ కడుగుతాండా. ఈ మాట నిజం వదినా. ప్రతి శుక్రవారం దించి కడుగుతాండా. డాక్టరుకు చెప్పు, కడిగేటోళ్లు ఉండారని.

నన్ను క్షమించమని అడిగేకి మొగం లేదు. ఒక్క జాబు రాయి.

సిద్దమ్మ

*

కర్నూలు
డిసెంబరు 1936

సిద్దమ్మా,

నీ ఉత్తరం అందింది. మొదటిసారి చదివినప్పుడు సంతోషించాను. బసమ్మ అన్న మాటకు ఒంటరిగా కూర్చుని నవ్వాను కూడా. రెండోసారి చదువుతుంటే, బసమ్మ నిజంగా ఆ మాట అన్నదా, నాకు నచ్చుతుందని నువ్వు అనిపించావా అని ఆగిపోయాను. బసమ్మ గొంతు చాలా చక్కగా వినిపిస్తున్నది. అబద్ధమైతే నాకు పుస్తకం మాటలే రాస్తావనుకునేదాన్ని. ఇప్పుడు ఆ గుర్తు కూడా పనిచేయదు, నీకు ఆ తేడా చెప్పింది నేనే.

తలుపు వెనక నిలబడ్డానని చెప్పావు. చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. దానికి నిన్ను మెచ్చుకోవాలని నాకు తెలుసు. మెచ్చుకోబోయి, ఇది కూడా దేనికైనా బదులుగా ఇస్తున్నదా అనుకున్నాను. ఇది కోపం కాదు. కోపమైతే ఎప్పుడో ఒకప్పుడు దిగుతుంది. నువ్వు ఏది రాసినా దాని వెనక ఏముందోనని చూసే అలవాటు నాకు పట్టింది. మన అనుబంధం ఇంతకుముందు ఎలా ఉండేదో తలుచుకుంటే, అప్పటివి కూడా తిరగేసి చూస్తున్నాను. అదే ఎక్కువ నష్టం.

డాక్టరుగారికి ఏమీ రాయలేదు. దావీదురాజుగారు మాత్రం నెలకొకసారి ఆ దారిన వెళ్తానన్నారు. కుండలు కొట్టాల్లోనూ పెరళ్లలోనూ ఉంటే ఆయనను అడ్డగించేవాళ్లుండరు. సంచి బయటికి తీసి వాసన చూస్తారు. ఎన్ని ఇండ్లు నిలుస్తాయో ఆయన కళ్లతో చూసినదాన్నిబట్టి బోర్డువాళ్లు తేల్చుకుంటారు. ఈసారి సున్నమూ చారలూ వద్దని తిమ్మయ్యకు ఓబులేసు చేత చెప్పించాను. కుండలు కుండల రంగులోనే ఉంటాయి.

పొలాల సంగతి రాయి. వానల సంగతి రాయి. నీ ఒంట్లో ఎలా ఉందో రాయి, నాకు కావాలి.

శుక్రవారం శుక్రవారం దించి కడుగు. కడిగానని మాత్రం నాకు రాయవద్దు.

నాగలక్ష్మమ్మ